అన్‌ఫిట్ కావాలని మొక్కిన ఇల్లు

జనగామలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా బోటనీ మేడం ఒకరోజు పాఠం మధ్యలో ఆపి అందరికీ తలా ఒక తెల్ల కాగితం ఇచ్చారు. డిగ్రీ అయిపోయాక ఏం చేయాలనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో రాయమన్నారు. నా పక్కన కూర్చున్న మహబూబాబాద్ పిల్ల, హాస్టల్లో నా రూమ్మేట్ కూడా, "కానిస్టేబుల్" అని ఒక్క ముక్క రాసి మిగతా కాగితం నిండా పోలీసు టోపీ బొమ్మ వేసింది. మిగతావాళ్లు గ్రూప్స్ అనీ, బీఎడ్ అనీ, బ్యాంకు అనీ రాశారు. నేను కిటికీలోంచి కానుగ చెట్టును చూస్తూ చాలాసేపు ఆలోచించి ఇలా రాశాను: "మా బాపు అన్‌ఫిట్ కాగానే ఆయన ఉద్యోగం నాకు వస్తుంది. అప్పటిదాకా చదువుకుంటాను."

క్లాసు అయ్యాక మేడం నన్ను ఆపారు. ఆమె ముఖంలో జాలి ఉంది.

"మీ నాన్నగారికి ఒంట్లో బాగుండదా అమ్మా?"

"బాగనే ఉంటది మేడం. గదే పరేషాన్," అన్నాను.

ఆమె నా కాగితాన్ని మళ్లీ ఒకసారి చదివారు. నేను అన్నది నాకే ఒకసారి తిరిగి వినపడి, చెవులు వేడెక్కాయి. పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆ మాటలో ఉన్న విడ్డూరం నాకు తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. మాది భూపాలపల్లి. బొగ్గుబాయి కాలనీలో పుట్టి పెరిగాను. బాయిలో పనిచేసే మనిషి జబ్బుపడి, ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాసిస్తే, అతని పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. అదే అన్‌ఫిట్ కావడం. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందే అది జరిగిపోవాలి, ఆ గడువు దాటితే ఇక ఆ దారి లేదు. అందుకే మిగతా ఊళ్లలో ఆడపిల్లను పెళ్లెప్పుడని అడిగినట్టు మా కాలనీలో "మీ బాపుది ఎప్పుడే?" అని అడుగుతారు. ఎవరైనా అన్‌ఫిట్ అయితే ఆ ఇంటివాళ్లు వీధంతా లడ్డూలు పంచుతారు. చిన్నప్పుడు ఆ లడ్డూలు నేను ఎన్ని తిన్నానో లెక్కలేదు. ఆ ఇంటి పెద్దమనిషికి ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు.

బాపు చిట్యాల దగ్గరి పల్లె నుంచి వయసులో ఉండగానే వచ్చి బాయిలో చేరాడు. లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. అక్కకు గూడూరు సంబంధం చేసి పంపాక ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా బాపు కళ్లకు పొర రావడం మొదలైంది. ఒకరోజు అవ్వ, అంటే మా అమ్మ, బియ్యం ఏరమని చాట ఇస్తే, ఆయన మంచి గింజలు తీసి పారేసి రాళ్లన్నీ భద్రంగా ఉంచాడు. ఆ రాత్రి అన్నం తింటే పళ్లు కదిలాయి. మేం కడుపు పట్టుకుని నవ్వాం.

ఇంకో ఇంట్లో అయితే మర్నాడే దవాఖానకు తీసుకుపోయేవాళ్లు. మా అవ్వ మాత్రం ముందు పక్క క్వార్టర్ కాక దగ్గరికి పోయింది. కాక మా వీధికి ఉచిత సలహాదారు. తను రెండుసార్లు నడుం నొప్పితో బోర్డుకు పోయి, రెండుసార్లూ ఫిట్ అని ముద్ర వేయించుకుని తలవంపులతో తిరిగొచ్చిన మనిషి. ఓడిపోయిన మనిషికి ఉన్నంత అనుభవం గెలిచినవాడికి ఎక్కడిది?

"వదినే, ఆపరేషన్ జేపిచ్చినవో, కొంప మునిగినట్టే," అన్నాడు కాక. "గా పొరను జర ముదరనియ్యి. ముదిరినంక బోర్డుకు తోలు. బిడ్డకు నౌకరి ఖాయం."

అలా బాపు కళ్లను, మామిడికాయను గడ్డిలో మాగేసినట్టు, మాగేశాం. అవ్వ మహదేవపూర్ మీదుగా గోదావరి ఒడ్డుదాకా పోయి, ఆయన అన్‌ఫిట్ అయితే కొబ్బరికాయలు కొడతానని మొక్కుకుని వచ్చింది. మొగుడి ఆరోగ్యం బాగుండకూడదని మొక్కిన ఆడదాన్ని చూసి పైనున్న దేవుడు ఏమనుకున్నాడో. అవ్వది చెడ్డ మనసు కాదు. ఆడపిల్ల చేతిలో ఉద్యోగం ఉంటే రేపు ఎవరి ముందూ చెయ్యి చాపదని ఆమె నమ్మకం. బాపు మాత్రం "కానియ్యిరి," అని ఒక్క మాట అన్నాడు. ఆ కళ్లతోనే షిఫ్టుకు పోయేవాడు, జోడీ మనిషి భుజం పట్టుకుని లోపలికి దిగేవాడు. ఆ సంగతి తలచుకోకుండా ఉండటం మా అందరికీ అలవాటైపోయింది.

నాకైతే అది పెద్ద కష్టం కూడా కాదు. నేను పుట్టుకతోనే పగటికలల మనిషిని. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బాపు టిఫిన్ సంచిలో ఒక రాతిపలక తెచ్చాడు. బూడిదరంగు రాయి మీద నల్లగా ఒక ఆకు అచ్చు. నడిమి ఈనె, దాన్నుంచి అటూ ఇటూ సన్నటి గీతలు, అన్నీ ఉన్నాయి. "పైకప్పుకు గిసొంటియి మస్తుంటయి బిడ్డా. బొగ్గంటె ఒకప్పటి చెట్లేనట," అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటి కింద ఒక అడవి ఉందని నాకు తెలిసిపోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు చల్లటి బండల మీద చెంప ఆనించి పడుకునేదాన్ని. కింద, చాలా లోతున, గాలి లేకుండానే ఆకులు కదులుతున్నట్టు ఉండేది. ఆ చెట్ల మధ్య నెత్తిన దీపం పెట్టుకుని బాపు ఒక్కడే నడుస్తున్నట్టు ఉండేది. అవ్వ వచ్చి "ఒంట్లె బాగలేదా?" అని నుదురు పట్టుకుని చూసేది. అట్లా డిగ్రీలో బోటనీ తీసుకున్నాను. ఎలాగూ ఉద్యోగం వచ్చేదాకా కాలక్షేపమే కదా, ఏదైతే ఏందని ఎవరూ అడ్డు చెప్పలేదు.

రాబోయే ఉద్యోగం గురించి కూడా కలలు కన్నాను. కలలకు నాకు ఇదీ అదీ అని లేదు. ఆడపిల్లలకు బాయి పైనే పని ఇస్తారు, బహుశా ల్యాంప్ రూములో. పొద్దున్నే వరుసగా నిలబడ్డ మనుషులకు ఒక్కొక్కరికీ దీపం అందిస్తూ, సాయంత్రం అవే దీపాలు తిరిగి తీసుకుంటూ, అన్నీ వచ్చాయా లేదా అని చూసుకుంటూ ఉండటం. ఆ కల కూడా బాగానే ఉండేది. కాకపోతే కాసేపటికే అందులోంచి లేచి ఆకుల్లోకి పోయేదాన్ని.

రెండో సంవత్సరం చివర్లో మేడం మమ్మల్ని గూడూరు దగ్గరి అడవి అంచుకు తీసుకుపోయారు. రోజంతా నడిచాం. ఆకులు తెంపి పేపర్ల మధ్య పెట్టి, ఎక్కడ దొరికింది, నేల ఎట్లా ఉంది, నీడా ఎండా అన్నీ రాసుకున్నాం. సాయంత్రం చెలిమ పక్కన కూర్చున్నప్పుడు మేడం మామూలుగానే అన్నారు, ఈ అడవుల్లో ఏ మొక్క ఎక్కడ ఉందో సరిగ్గా రాసిపెట్టినవాళ్లు తక్కువని, ఎవరో ఒకరు ఓపిగ్గా నడిచి రాయాలని. మిగతావాళ్లు కారప్పూస పంచుకుంటున్నారు. నేను అక్కడే ఆగిపోయాను. నడవడం, రాయడం. ఇదే నా పని అని ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. అంత సంతోషం నాకు అంతకు ముందు తెలియదు. ఆ వెంటనే బాపు గుర్తొచ్చి, చేతిలో పుస్తకం మూసేశాను.

హాస్టల్లో నా రూమ్మేట్‌కు ఒక్కదానికే చెప్పాను. ఆమె కానిస్టేబుల్ పరుగు కోసం పొద్దున్నే లేచి కాలేజీ గ్రౌండు చుట్టూ తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చి నా మంచం మీద కూలబడేది.

"ఎమ్మెస్సీ చేస్తనని మీ బాపుకు చెప్పరాదే."

"ఎట్ల చెప్పాల్నే? ఆయన కండ్లు పోతున్నయే నా నౌకరి కోసమాయె."

"మరి చెప్పకుంటే?"

ఆమె టవలు తీసుకుని స్నానానికి పోయింది.

ఆఖరి సంవత్సరం నడుస్తుండగా బోర్డు నుంచి బాపుకు పిలుపు వచ్చింది. గడువుకు నెలన్నర ముందు. నేను ఇంట్లోనే ఉన్నాను. అవ్వ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి, "ఏమే, చేస్తవా మరి?" అని అడిగింది. "చేస్త. నాకింకేం గావాలె?" అన్నాను. బాపు మంచం మీద కూర్చుని నా వైపు ముఖం తిప్పాడు. ఆయన చూపు నా భుజం పక్కనెక్కడో ఆగింది. కళ్లు కనపడని మనిషికి అబద్ధం చెప్పడం సులువని అనుకున్నాను.

వారం తిరక్కముందే ఆయన జనగామ వచ్చాడు. నా సర్టిఫికెట్ల జిరాక్సులు కావాలని వంక. మామిడికాయ తొక్కు డబ్బా చంకన పెట్టుకుని, హన్మకొండలో ఎవరినో అడిగి బస్సు మారి, ఒక్కడే వచ్చాడు. నేను ల్యాబు నుంచి వచ్చేసరికి మేడం ఆయన్ను స్టాఫు గదిలో కూర్చోబెట్టి నా అట్టలు చూపిస్తున్నారు. ఆకులు ఎండబెట్టి అంటించి, కింద పేరూ ఊరూ రాసిన అట్టలవి. బాపు ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించుకుని చూస్తున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయనకు నేను కనపడను.

"గివన్ని మా బిడ్డ జేసినయేనా మేడం?"

"అన్నీ ఆమెవేనండి."

"దీంట్ల నౌకరి ఉంటదా?"

మేడం మిగతా అట్టలు సర్ది పక్కన పెట్టారు. ఆమె అబద్ధం చెప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. "ఖాయంగా ఉంటుందని చెప్పలేనండి. ఇంకా చాలా ఏళ్లు చదవాలి. చదివినా దొరక్కపోవచ్చు. కానీ ఆకు చేతిలో ఉంటే ఈ అమ్మాయి పిలిచినా పలకదు. అట్లాంటి పిల్లలు నాకు ఎక్కువమంది రాలేదు."

"సిన్నప్పటి సంది గంతే," అని బాపు నవ్వాడు. తర్వాత చాలాసేపు ఆ అట్ట మీద వేళ్లతో తడుముతూ ఉన్నాడు.

నేను లోపలికి పోయాక ఆయన ఆ మాటే ఎత్తలేదు. బస్టాండులో ఛాయ్ తాగాం. వచ్చిన ప్రతి బస్సుకూ "గదెటువోతదే?" అని అడిగాడు, నేను చదివి చెప్పాను. హన్మకొండ బస్సు ఎక్కించి, కండక్టరుకు అప్పజెప్పి వచ్చాను. హాస్టలుకు పోయే దారంతా ఏడ్చాను. ఎవరి కోసం ఏడుస్తున్నానో మాత్రం స్పష్టంగా తెలియదు.

బోర్డుకు ముందు వారమంతా కాక బాపుకు శిక్షణ ఇచ్చాడు. రెండుసార్లు పోయొచ్చిన మనిషి కదా, కళ్ల పరీక్ష గదిలో గోడకు ఉన్న అక్షరాల చార్టు ఆయనకు పైనుంచి కిందిదాకా కంఠతా వచ్చు. కాక మా మెట్ల మీద కూర్చుని ఒక్కో వరుసా చెప్పేవాడు, బాపు ఎక్కం చదివినట్టు తిరిగి చెప్పేవాడు.

"పై రెండు వరుసలు సదువన్నా. మూడో వరుస కాడ ఆగు. జర కండ్లు నులుముకో. ఇగ కనవడుతలేదు సారూ అను."

"మిగిలిన వరుసలు నాకెందుకు తమ్మీ?"

"ఎందుకైనా మంచిది. యాడ ఆగాల్నో ఎరుకుండాలె గదా."

బాపు బుద్ధిగా తల ఊపి ఆఖరి వరుస దాకా నేర్చుకున్నాడు.

బోర్డు రోజు కాకే తోడు పోయాడు. సాయంత్రం ఇద్దరూ వచ్చారు. కాక మా గుమ్మం వైపు చూడకుండా తన ఇంట్లోకి పోయి గేటు దబ్బున వేసుకున్నాడు. బాపు చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తుండుతో తుడుచుకున్నాడు.

"ఫిట్ అన్నరు," అన్నాడు.

అవ్వ చేతిలో చెంబు అట్లాగే ఉంది. "గదెట్ల? తలుపుకు గోడకు తేడా తెల్వని మనిషివి నువ్వు. గదెట్ల?"

గోడ అవతలి నుంచి కాక గొంతు లేచింది. "నీ పెనిమిటినే అడుగు వదినే! మూడో వరుస కాడ ఆగుమంటే ఆగలె. బండి దిగుట్ల పడ్డట్టు ఆఖరుదాక సదివిండు. నా కండ్లకే కనవడని వరుస సుత సదివిండు! గా డాక్టరు ఏమన్నడో ఎరుకేనా? పొర తీపిచ్చుకోని మంచిగ డ్యూటీ జేస్కో పెద్దమనిషీ అన్నడు!"

అవ్వ ఆ రోజు నుంచి బాపుతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం లేదు. ఇంకోసారి బోర్డుకు పోవడానికి గడువు లేదు. నాలుగేళ్లుగా మా ఇల్లు ఎదురుచూసిన తలుపు అట్లా మూసుకుపోయింది, మూసింది కూడా మా ఇంటి మనిషే.

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టుకు ఆయన నీళ్ల బాటిల్ నింపుకుంటున్నాడు. బాటిల్ నిండి నీళ్లు కింద పోతున్నా ఆయనకు కనపడటం లేదు. నేను నల్లా కట్టేశాను.

"నీకు కనవడదు గద బాపూ. ఎట్ల సదివినవ్?"

"బట్టీ వట్టిన. పరీక్షకు నువ్వు వట్టవా?"

"డాక్టరుకు అనుమానం రాలేదా?"

ఆయన నవ్వాడు. "కనవడదు అనేటోళ్ల మీదనే వాళ్లకు అనుమానం. కనవడుతదనేటోన్ని ఎవలడుగుతరు బిడ్డా?"

"నేను నౌకరి చేస్తనన్న గద. అవ్వ ముంగట అన్న గద."

"అన్నవ్. ఎట్లన్నవో నాకెరుకే." బాటిల్ మూత తడుముకుని బిగించాడు. "పొర కండ్లకొచ్చింది గని చెవులకు రాలే."

నిజం చెప్పాలంటే నాకు అప్పుడు ముందుగా కలిగింది కృతజ్ఞత కాదు, కోపం. ఆ వెనకే భయం. అన్‌ఫిట్ అనే మాట చాటున ఇన్నేళ్లు హాయిగా దాక్కున్నాను. కలలు కనొచ్చు, ఏదీ చేయనక్కర్లేదు, చేయలేకపోయినా నింద బాపు కళ్ల మీదికి పోతుంది. ఇప్పుడు ఎంట్రెన్స్ రాయాలి, తప్పితే తప్పు నాదే. ఆయన నాకు సెలవు ఇచ్చినట్టే ఇచ్చి నా చాటును పీకేశాడు. ఆ పరీక్ష రాశాను. మొదటి జాబితాలో నా పేరు లేదు, రెండో దాంట్లో వచ్చింది. ఇప్పుడు ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. సెలవుల్లో అడవి వెంట నడుస్తున్నాను, రాస్తున్నాను. ఉద్యోగం సంగతి దేవుడికే ఎరుక. రూమ్మేట్ ఇప్పుడు నిజంగానే పోలీసు, నెలకోసారి ఫోన్ చేసి "ఏందే, ఆకులేమంటున్నయి?" అని అడుగుతుంది.

కానీ ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు. బోర్డు అయిన మూడో వారం బాపును ఆపరేషన్‌కు హన్మకొండ తీసుకుపోయాం. ఇక మాగేయాల్సిన అవసరం లేదు కదా. కంటి డాక్టరమ్మ లైటు వేసి చూసి, "ఇన్నేళ్లు ఎందుకు ఆగారు?" అని మందలించింది. పొర ముదరాలన్నారని అవ్వ గొణిగింది. "ఎవరన్నారమ్మా? మొదట్లోనే తీసేసేవాళ్లం. ఒక్క పూట పని. ఇన్నేళ్లు ఈయన చీకట్లో తిరగాల్సిన పనే లేదు." అవ్వ నేల చూసింది. నేనూ నేల చూశాను. బాపు మాత్రం "ఇంట్ల జర పనులుండె మేడం," అన్నాడు.

మర్నాడు పట్టీ విప్పారు. ముందు అవ్వ ఎదురుగా నిలబడింది. బాపు రెప్పలు కొట్టుకుంటూ ఆమెను ఎగాదిగా చూసి, "గిన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినయే నీకు?" అన్నాడు. మూడు వారాలుగా ఆయనతో మాట్లాడని అవ్వ, "నువ్వు సూడని నాడు," అని కొంగుతో ముఖం కప్పుకుంది.

తర్వాత నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మంచం పక్కన కూర్చున్నాను. నన్ను అంత నిదానంగా ఆయన ఎప్పుడూ చూడలేదు. చూస్తూ చూస్తూ నా ఎడమ కనుబొమ్మ దగ్గర ఆగాడు. బొటనవేలు అక్కడ ఆనించాడు.

"గీ మచ్చ ఏంది బిడ్డా? ఎప్పటిది?"

"డిగ్రీ మొదటేడు ఎండకాలం సెలవులల్ల అమ్మతల్లి వోసింది గద బాపూ. అప్పటిదే."

ఆయన వేలు తీయలేదు.

"నేను నీ పక్కపొంటనే ఉంటి గదనే," అన్నాడు.

ఉన్నాడు. షిఫ్టులకు సెలవు పెట్టి, నా ముఖం మీద ఈగ వాలకుండా వేపమండతో విసురుతూ, ఆ తొమ్మిది రోజులూ నా పక్కనే ఉన్నాడు.